తరుగు

పొద్దున ఐదున్నరకు
ఇత్తడి కడ్డీని ట్యాంకులోకి దించడం నా పని.
దించి, తీసి, తడి ఎక్కడ ఆగిందో చూసి
పుస్తకంలో రాయాలి.
పదకొండేళ్ళు రాసినాను.

నిన్నటి అమ్మకానికీ ఈ పొద్దు నిల్వకూ నడుమ
ఎప్పుడూ ఒక సందు.
ఆరు లీటర్లు. తొమ్మిది. వానల తర్వాత పన్నెండు.
ఆ సందుకు మా బంకులో పేరు తరుగు.

ఓనరు మొగిలప్ప కళ్ళజోడు నుదుటికి తోసి
"ఆవిరైతే ఇంత పోదురా,
ఇది చేతులుండే ఆవిరి" అనేవాడు.
రాత్రి డ్యూటీ ఖాదర్‌వలీది.
పుస్తకంలో అంకె నాది.
రెండూ పక్కపక్కన పెడితే
మనిషి దొంగయ్యేదానికి ఇంకేం కావాల?

పనిలోంచి తీసేసిన రోజు వాడు
ఖాకీ చొక్కా ఉతికి, మడిచి, నా చేతికిచ్చినాడు.
గుండీలన్నీ ఉండాయి, చూసుకో అన్నాడు.

వాడు పోయినాక కూడా తరుగు తగ్గలేదు.
అప్పుడు తెలిసింది నాకు. తెలిసే
కడ్డీ మీది తడిని ఒక వేలు పైకి రాసినాను.
లారీ వచ్చినప్పుడు కొలతలో సర్దేవాణ్ణి.
నా ఉద్యోగం
ఆ వేలు మందం.

మొన్న మాఘంలో బంకు స్థలం ప్లాట్లకు అమ్ముడుపోయింది.
క్రేను వస్తే చెరుకుబండ్ల వీధి మొత్తం మిద్దెలెక్కింది.
ట్యాంకు లేచింది, ఉబ్బిన గేదె మాదిరి,
కడుపు కింద మట్టి రాలుస్తా.
చిల్లులు. పెద్దవేం కాదు.
ఆవగింజంతవి, ఒకటి రెండు ఉలవగింజంత.

చిత్తూరు మట్టి ఎరుపు.
గుంత అడుగున మాత్రం సీసం రంగు.
పిల్లోళ్ళు "వాసన భలే ఉండాదే" అని ముక్కులెగబీల్చినారు.
మూడోరోజుకు నాలుగు ట్రాక్టర్ల మట్టి పోసి
రోలరు తిప్పేసినారు.
"ట్యాంకే పోయింది కదా సామీ, ఇంకేముండాది?" అన్నాడు మేస్త్రీ.

బంకు గోడకు ఆనుకోని మా ఇల్లు.
మూడేళ్ళుగా కుప్పమ్మ చెప్తానే ఉండాది,
బిందెలో నీళ్ళ మీద రంగులు తిరగతా ఉండాయని.
"నీ చొక్కా వాసన
బోరు నీళ్ళకు యాడనుంచి వచ్చిందయ్యా?"
నేను చేతులు కడుక్కోలేదేమో అన్నాను.
కరేపాకు చెట్టు ఎండితే చీడ అన్నాను.
పక్కింటి పిలకాయకు ఒళ్ళంతా దద్దుర్లొస్తే
మామిడికాయలు ఎక్కువ తిన్నాడన్నాను.

ఆ రాత్రి పాత పుస్తకాలు దించి కూడినాను.
వేలు మందం దాచిందంతా కలపకుండానే
మూడు లారీలకు కొంచెం తక్కువ.
మూడు లారీలు
మా వీధి కింద ఆగి ఉండాయి, దీపాలార్పుకోని.
డ్రైవర్లు లేరు.

తెల్లారి కుప్పమ్మ సొరకాయ నా ముందర పెట్టి
"కూర్చున్నావు కదా, తరుగు" అనింది.
చాలాసేపు దాన్నట్లే పట్టుకోని ఉన్నాను.

రోలరు రాక ముందే
ఖాళీ ఊరగాయ సీసాలో గుంత మట్టి తీసి పెట్టుకున్నాను.
దాన్నెత్తుకోని పలమనేరు బస్సెక్కినాను.
ఖాదర్‌వలీ టమోటా మండీలో ఉండాడు.
ఆడ లెక్కలు రాసేది వాడే.

మూత తీసి వాసన చూసినాడు.
తిడతాడనుకున్నాను. తిట్టుంటే
తిరుగు బస్సులో నిద్ర పట్టేది.
చెవి మీది పెన్సిలు తీసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకోని
"వదిన ఈ నీళ్ళే తాగతా ఉండాదా?" అన్నాడు.

నేను మాట్లాడలేదు.
వాడు మూత బిగించినాడు,
అంచుకంటిన మట్టిని చొక్కా కొసతో తుడిచి
సీసా నా చేతికిచ్చినాడు, ఆ రోజు ఖాకీ చొక్కా ఇచ్చినట్టే.

బంగారుపాళ్యం దాటినాక
పక్క సీటాయన నన్నొకసారి చూసి
కిటికీ పూర్తిగా తీసేసినాడు.